ఉమ్మడి భూమి, ఇంటికి గింజ: కలిసి సాగు చేసే సంఘాల కోసం తరచుగా అడిగే ప్రశ్నలు

భూమి లేని కుటుంబాలు, అరెకరం ఎకరం ఉన్న కుటుంబాలు కలిసి ఒక చెక్కను ఉమ్మడిగా పట్టుకుని, ముందు ఇంటి తిండికి, మిగిలితే అమ్మకానికి పండించుకునే పద్ధతి గురించి ఈ పేజీ. సంఘం పెట్టాలనుకునే ప్రతి ఊళ్లోనూ ఇంచుమించు ఇవే సందేహాలు వస్తున్నాయి కాబట్టి ఒకచోట పెట్టాం. లెక్కలన్నీ తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ మెట్ట భూములకు వేసినవి, మాగాణికి సరిపోవు. కౌలు, దిగుబడి ఉదాహరణకు తీసుకున్న అంకెలు. వాటి స్థానంలో మీ ఊరివి వేసుకోండి.

## మొదలుపెట్టే ముందు

ఉమ్మడి అంటే మా ఇల్లు, గొడ్డు, మేకలు కూడా అందరివీ అయిపోతాయా?

కావు. ఉమ్మడిలోకి వచ్చేవి నాలుగే: సాగు చేసే భూమి, విత్తనం, పనిముట్లు, గింజ నిల్వ. ఇల్లు, పెరడు, పాడి, మేకలు, కోళ్లు, బయట చేసుకున్న కూలి ఎవరివి వాళ్లవే. ఈ గీత మొదటి సమావేశంలోనే గీసి పుస్తకంలో రాసుకోండి. ఎక్కువ పేచీ వచ్చేది ఎడ్ల దగ్గర. ఒకరి ఎడ్లతో అందరి పొలం దున్నినప్పుడు ఎడ్లను ఉమ్మడి చేయకండి, అరక బాడుగ కట్టివ్వండి. ఉమ్మడి చేసిన ఎడ్లకు దున్నే రోజున పదిమంది యజమానులుంటారు, మేత వేసే రోజున ఒక్కరూ ఉండరు.

"ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చినట్లు" అంటారు కదా, ఇదీ అంతేనేమో?

సామెత అబద్ధం కాదు. ఎవరి వంతు ఏమిటో రాసుకోని ఉమ్మడి అలాగే చస్తుంది. సంఘాలు విడిపోయిన చోట చూస్తే పంట పోవడం కంటే లెక్క పోవడమే ఎక్కువగా కనిపిస్తుంది: ఎవరు ఎన్ని రోజులు వచ్చారో రాయలేదు, కల్లంలో ఎవరు ఎంత తీసుకెళ్లారో రాయలేదు, కౌలు ఎంత కట్టారో ఒక్కరికే తెలుసు. పంట పోయిన ఏడాది కూడా పుస్తకం సరిగ్గా ఉన్న సంఘం మరుసటి ఏడాది మళ్లీ విత్తుతుంది.

రష్యాలో, చైనాలో ఇదే చేసి జనం ఆకలితో చచ్చారు కదా?

చచ్చారు, దాన్ని దాచాల్సిన పని లేదు. సోవియట్ యూనియన్‌లో 1929 నుంచి రైతుల్ని బలవంతంగా సమష్టి క్షేత్రాల్లోకి నెట్టారు. ప్రభుత్వ కోటా ముందు, ఇంటి గింజ తర్వాత అన్న పద్ధతి 1932-33 కరువును భయంకరం చేసింది. చైనాలో 1958లో కమ్యూన్లు పెట్టి ఇళ్లలో పొయ్యిలు కూడా ఆర్పించి సామూహిక భోజనశాలలు నడిపారు. 1959-61 కరువు వచ్చింది. 1978లో అన్హుయ్ రాష్ట్రంలోని షియావోగాంగ్ ఊళ్లో 18 కుటుంబాలు రహస్యంగా భూమిని పంచుకుని సాగు చేశాయి. అయితే అక్కడ పల్లె భూమి హక్కు ఈనాటికీ ఊరి సమష్టిదే, కుటుంబాలకు ఉండేది దీర్ఘకాల సాగు హక్కు. ఈ సంగతి మన చర్చల్లో చాలా అరుదుగా వినిపిస్తుంది.

మన దగ్గరా ఈ గొడవ పాతదే. 1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెస్ సమావేశం ఉమ్మడి సహకార సేద్యానికి తీర్మానం చేస్తే, రైతు నాయకుడు ఎన్.జి. రంగా వ్యతిరేకించి, ఆ ఏడాదే పుట్టిన స్వతంత్ర పార్టీకి తొలి అధ్యక్షుడయ్యారు. ఇది బలవంతపు సమష్టి సేద్యానికి దారితీస్తుందన్న ఆయన భయానికి ఆధారం లేకపోలేదు. కాబట్టి మీ సంఘానికి మూడు పరీక్షలు పెట్టుకోండి. ఇష్టం లేనివాళ్లు చేరకుండా ఉండగలరా? చేరినవాళ్లు బయటికి పోగలరా? గింజ మొదట ఇంటికే వస్తుందా? మూడింటిలో ఒక్కదానికి "లేదు" అన్నా ఆపేయండి.

మన దగ్గర ఎక్కడైనా నిలిచిందా?

నిలిచింది, ఒక్కోచోట ఒక్కో రూపంలో. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ కింద దళిత మహిళల సంఘాలు పడావు భూములు బాగుచేసి, జొన్నను ఊళ్లోనే నిల్వ చేసి, ఊళ్లోని పేద ఇళ్లకే తక్కువ ధరకు ఇచ్చే సముదాయ ధాన్య నిధులు నడిపాయి. కేరళలో 1998లో మొదలైన కుటుంబశ్రీ కింద మహిళా బృందాలు కౌలు భూముల్లో అరటి, కూరగాయలు, వరి కలిసి పండిస్తున్నాయి. తెలంగాణలో మహిళా సమత సంఘాలు 2001 నుంచి ఉమ్మడి సేద్యం చేశాయి. పథకం డబ్బు ఆగాక కొన్ని సాగాయి, కొన్ని ఆగాయి.

ముల్కనూరు సహకార సంఘం (1956) దారి వేరు. అక్కడ భూమి ఎవరిది వాళ్లదే. అప్పు, ఎరువు, నిల్వ, మిల్లు, అమ్మకం మాత్రం ఉమ్మడి. భూమి ఉన్న ఊరికి ఆ దారే తేలిక. భూమి లేనివాళ్లకు మాత్రం దానితో పని జరగదు.

భూదానం, గ్రామదానం కూడా ఇదేనా?

భూదానం కాదు. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డి ఇచ్చిన 100 ఎకరాలతో మొదలైన భూదానంలో భూమి చేతులు మారింది, సొంత ఆస్తి అన్న పద్ధతి మారలేదు. గ్రామదానం దగ్గరగా ఉంటుంది. హక్కు గ్రామసభకు పోతుంది, సాగు కుటుంబానిదే, భూమిలో ఇరవయ్యో వంతు లేనివాళ్లకు, పంటలో నలభయ్యో వంతు గ్రామనిధికి. మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలో మెండా లేఖా ఊరు 2013లో ఈ దారి పట్టింది. ఆ నలభయ్యో వంతు లెక్క చిన్న సంఘాలకు కూడా బాగా పనికొస్తుంది.

ఎంతమందిమి ఉండాలి?

పది నుంచి పన్నెండు ఇళ్లు. ఆరుకు తగ్గితే కలుపు సమయంలో చేతులు చాలవు, ఇద్దరికి జ్వరమొస్తే పని ఆగిపోతుంది. ఇరవై దాటితే ఎవరు రాలేదో ఎవరికీ తెలియదు. తెలంగాణలో ఇరవై మందికి పైగా ఉన్న సంఘాలకు ఈ ఇబ్బందే వచ్చింది. ఒక ఇంటి నుంచి ఇద్దర్ని చేర్చకండి, ఓటు ఆ ఇంటివైపు ఒరుగుతుంది. ఒకే వాడలో, పిలిస్తే పలికే దూరంలో ఉన్న ఇళ్లయితే తెల్లవారి పనికి బయల్దేరడం తేలిక.

పది ఇళ్లకు ఎంత భూమి కావాలి?

పది ఇళ్లకు 45 మంది అనుకుందాం. తలకు నెలకు 10 కిలోల గింజ కావాలి. తెలంగాణలో రేషన్ కింద తలకు 6 కిలోలు వస్తాయి కాబట్టి తక్కువ పడేది 4 కిలోలు. 45 × 4 × 12 = 2,160 కిలోలు, అంటే సుమారు 22 క్వింటాళ్లు. వర్షాధారంగా ఎకరాకు 3 క్వింటాళ్ల జొన్న పండుతుందనుకుంటే ఏడున్నర ఎకరాలు. ఆంధ్రప్రదేశ్‌లో రేషన్ తలకు 5 కిలోలు కాబట్టి 27 క్వింటాళ్లు, 9 ఎకరాలు.

పప్పు తలకు నెలకు కిలో చొప్పున 540 కిలోలు. ఊరి మిల్లులో కందికి 70 శాతం పప్పు దిగితే 7.7 క్వింటాళ్ల కంది కావాలి. జొన్నలో అంతర పంటగా ఎకరాకు క్వింటా వచ్చినా 8 ఎకరాలు చాలు. తెలంగాణ లెక్కన కాగితం మీద ఎనిమిదెకరాలతో గింజా పప్పూ రెండూ సరిపోతాయి.

పొలంలో సరిపోవు. కౌలు ఎకరాకు రూ. 5,000 అనుకుంటే 8 ఎకరాలకు రూ. 40,000. కంది క్వింటా రూ. 8,000 పలికితే 5 క్వింటాళ్లు అమ్మితే తప్ప కౌలు తీరదు. అంటే పిల్లల పప్పులో మూడింట రెండొంతులు భూస్వామి ఇంటికి పోతుంది. సంఘం కౌలుతో మొదలైనా చూపు ఉమ్మడి హక్కు మీదే ఉండాలని చెప్పడానికి ఈ ఒక్క లెక్క చాలు.

## భూమి

కౌలుకు ఇస్తానంటాడు గానీ కాగితం రాయనంటున్నాడు. ఏం చేయాలి?

తెలంగాణలో 1950 కౌలు చట్టం కింద రక్షిత కౌలుదార్లకు హక్కులు వచ్చిన సంగతి భూమి ఉన్నవాళ్లు తరాలుగా మర్చిపోలేదు. అందుకే కాగితమంటే భయం. ఆ భయాన్ని నేరుగా ప్రస్తావించి, హక్కు అడగబోమని, మేం కోరేది సాగు, పంట మాత్రమేనని అదే కాగితంలో రాయండి. ఊళ్లలో కౌలు పత్రం మామూలుగా 11 నెలలకే రాసుకుంటారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 పంట సాగుదారు హక్కుల చట్టం కింద ఇచ్చే కార్డు కూడా 11 నెలలదే.

ఒక్క ఏడాది కౌలుకు ఎరువు తోలడం, గట్లు వేయడం దండగ. పశువుల ఎరువు ఫలం రెండో ఏడాదీ మూడో ఏడాదీ కనిపిస్తుంది, అప్పటికి బాగుపడిన చెక్కను భూస్వామి వెనక్కి అడుగుతాడు. కనీసం మూడేళ్ల మాట తీసుకోండి. ఒప్పుకోకపోతే ఆ చెక్కకు సొంత ఖర్చుతో ఎరువు తోలకండి. రొక్కం కౌలుకంటే పాలుకు (పంటలో వాటాకు) ఒప్పుకునే మనిషి దొరికితే మంచిది. వాన రాని ఏడు అతనూ మీతోపాటు నష్టం మోస్తాడు.

కొనే భూమిని లీడర్ పేరు మీద రిజిస్టర్ చేయిస్తే పని తొందరగా అవుతుందట. నిజమేనా?

తొందరగా అవుతుంది, భూమి పోవడం కూడా అంతే తొందరగా అవుతుంది. కాగితంలో ఎవరి పేరుంటే ఆ మనిషి వారసులదే భూమి. పదిమంది పేర్లూ కలిపి రాయిస్తే కొంత నయం గానీ అదీ పూర్తి రక్షణ కాదు. ఉమ్మడి పట్టాలో ఎవరి వాటాను వాళ్లు అమ్ముకోవచ్చు, ఎవరైనా కోర్టులో విభజన అడగవచ్చు, ఒకరు పోతే ఆ వాటా నలుగురు వారసులకు చీలుతుంది.

నమోదైన సహకార సంఘం పేరు మీద కొంటే భూమి సంఘానిది, సభ్యులకుండేది వాటాధనం. కొడుకులొచ్చి గట్టు పెట్టమని అడిగే వీలుండదు. దీనికో ఖరీదు ఉంది: పీఎం కిసాన్ ఏటా ఇచ్చే రూ. 6,000 సంస్థల పేరున ఉన్న భూమికి రాదు. అది తెలిసే నిర్ణయించుకోండి.

సభ్యుల సొంత ముక్కలు కూడా కలిపేస్తే గట్లు తీసేయాలా?

వద్దు. మెట్టలో గట్టే వాన నీటిని ఆపుతుంది. హద్దురాళ్లు కదపకండి, ఎవరి సర్వే నంబరులో ఎన్ని గుంటలో తెల్ల కాగితం మీద చిత్తుపటం గీసి అందరి సంతకాలు తీసుకోండి. పట్టా ఎవరిది వాళ్లకే ఉంటుంది. భూమి ఇచ్చినవాళ్లకు పంటలో ఐదో వంతు "భూమి పాలు"గా ఇచ్చి, మిగతా నాలుగు వంతులు పనికీ తలలకూ పంచడం సమంజసం. భూమి పాలు సగానికి పోతే భూమి లేని సభ్యులు సంఘం పేరుతో పాలేర్లుగా మిగులుతారు, రెండో ఏడు రారు.

అసైన్డ్ భూములను (ప్రభుత్వం పేదలకు పట్టా ఇచ్చినవి) సంఘానికి రాసివ్వవచ్చా?

రాసివ్వకండి. 1977 చట్టం అసైన్డ్ భూమి బదిలీని నిషేధిస్తుంది. పొరపాటున సంఘానికి రాసిస్తే ప్రభుత్వం వెనక్కి తీసుకునే ప్రమాదం ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2023 సవరణ 20 ఏళ్లు దాటిన పట్టాలకు కొంత వెసులుబాటు ఇచ్చింది, తహసీల్దారు కార్యాలయంలో మీ పట్టా తేదీ చూపించి తెలుసుకోండి. పట్టా కదపకుండా పట్టాదారులే కలిసి దున్నుకోవడానికి అడ్డు లేదు.

మాది ఏజెన్సీ ఊరు. సంఘం భూమి కొనగలదా?

1959లో వచ్చి 1970లో బలపడిన భూబదలాయింపు నిబంధన (ఊళ్లలో "వన్ ఆఫ్ సెవెంటీ" అంటారు) ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనులకు గానీ, సభ్యులంతా గిరిజనులే అయిన సహకార సంఘానికి గానీ మాత్రమే బదిలీ కావాలి. ఒక్క గిరిజనేతరుణ్ని సభ్యుడిగా చేర్చుకున్నా కొనుగోలు చెల్లదు. పోడు, అటవీ వనరుల సంగతి వేరు. వాటికి 2006 అటవీ హక్కుల చట్టం కింద గ్రామసభ ద్వారా హక్కు అడగాలి. ఆ గ్రామసభకు సగం మంది హాజరు కావాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లుండాలి. హాజరు పట్టిక సరిగా రాసుకోండి.

ఊరి బంచరాయి ఖాళీగానే ఉంది. దాన్ని దున్నుకోవచ్చా?

అది ఖాళీ కాదు, ఇప్పటికే ఉమ్మడి. మేకలూ గొర్రెలూ మేపుకునేవాళ్లకు అదే పొలం. పది ఇళ్ల ఉమ్మడి కోసం ఊరి ఉమ్మడిని తీసుకోవడం న్యాయం కాదు, రెవెన్యూ వాళ్లు కూడా ఒప్పుకోరు.

## సంఘం, కాగితాలు

మాకు ఇప్పటికే పొదుపు సంఘం ఉంది. అది చాలదా?

కౌలుకు, బ్యాంకు అప్పుకు చాలు. నలుగురి నుంచి పదిమంది వరకు ఉండే ఉమ్మడి బాధ్యత బృందంగా బ్యాంకులో అప్పు తీసుకోవచ్చు. నమోదు కాని పొదుపు సంఘం మాత్రం తన పేరున భూమి కొనలేదు. ఇంకో జాగ్రత్త: పొదుపు డబ్బునూ సేద్యం డబ్బునూ ఒకే పుస్తకంలో కలపకండి. వాన పోయిన ఏడు పొదుపు కూడా మునుగుతుంది.

మ్యాక్స్ సంఘంగా నమోదు ఎలా?

1995 పరస్పర సహాయ సహకార సంఘాల (మ్యాక్స్) చట్టం రెండు రాష్ట్రాల్లోనూ ఉంది. వేర్వేరు కుటుంబాలకు చెందిన కనీసం పదిమంది కావాలి. సమావేశం పెట్టి పేరు, చిరునామా, ఉద్దేశం, వాటాధనం తీర్మానం చేయండి, నియమావళి రాసుకోండి, సంతకాలతో జిల్లా సహకార అధికారికి దరఖాస్తు ఇవ్వండి. ఈ చట్టం కింద సంఘం ప్రభుత్వం నుంచి వాటాధనం తీసుకోకూడదు. ప్రభుత్వ పెత్తనం తక్కువగా ఉండటానికి ఒక కారణం అదే. ఏటా ఆడిట్, సర్వసభ్య సమావేశం తప్పనిసరి.

నియమావళిని బజారులో దొరికే నమూనా చూసి ఎక్కించకండి. అందులో పనిదినాలు, గింజ పంపకం, బయటికి పోయేవాళ్ల లెక్క ఉండవు. మీరు రాసుకోవాల్సినవి సరిగ్గా ఆ మూడే.

## పని

కలుపు రోజున నలుగురు బయట కూలికి పోయారు. ఏం చేయాలి?

ఇది దాదాపు ప్రతి సంఘంలో జరిగేదే. కారణం సోమరితనం కాదు, జరిమానా తక్కువగా పెట్టుకోవడం. రాని రోజుకు రూ. 200 అని సంక్రాంతికి రాసుకుంటారు; శ్రావణంలో పత్తి కలుపుకు బయట రూ. 400 ఇస్తుంటే బయటికి పోయి, 200 కట్టి, 200 మిగుల్చుకుంటారు. అంకె రాసుకోకండి, "ఆ రోజు ఊళ్లో నడిచే కూలి, దాని మీద పదోవంతు" అని రాసుకోండి. ఆ డబ్బుతో వెంటనే కూలి మనిషిని పెట్టి పని పూర్తి చేయాలి. డబ్బు పెట్టెలో పడి కలుపు అలాగే ఉంటే జరిమానా వేసీ ప్రయోజనం లేదు.

గొర్రు తోలే పని, కలుపు పని ఒకటేనా? మగవాళ్లు ఎక్కువ రోజులు రాయమంటున్నారు.

రోజుకు రోజే. పనిని బట్టి మార్కులేసే పద్ధతి పెట్టుకుంటే ప్రతి సాయంత్రం పంచాయితీ పెట్టాల్సి వస్తుంది. పైగా కలుపు, కోత, నూర్పిడి పనుల్లో ఎక్కువ రోజులు ఉండేది ఆడవాళ్లే. గొర్రు తోలడానికి నేర్పు కావాలంటే బయటివాళ్లకిచ్చినట్టే బాడుగ ఇచ్చి పొలం ఖర్చులో రాయండి. పుస్తకంలో గళ్లు నాలుగు చాలు: తేదీ, పేరు, పని, పూర్తి రోజా అర రోజా. పొలం గట్టు మీదే, ఇంటికి బయల్దేరే ముందు రాయాలి. రాత్రి ఇంటి దగ్గర గుర్తుచేసుకుని రాసిన పుస్తకాన్ని ఎవరూ నమ్మరు.

ఏ పంట వేయాలి?

మొదటి ఏడు ఇంట్లో తినేదే వేయండి. జొన్న రెండు సాళ్లు, కంది ఒక సాలు. విత్తనం ఎకరాకు జొన్న 4 కిలోలు, కంది 2 కిలోలు. జొన్న దాదాపు 100-110 రోజుల్లో కోతకొస్తుంది, కంది ఇంకో రెండు నెలలు పొలంలో ఉంటుంది కాబట్టి పని ఒకేసారి మీద పడదు. గట్ల వెంట సజ్జ, అనుములు, గోంగూర వేసుకుంటే కూరకు కరువుండదు. మొదటి ఏడే పత్తి వేస్తే విత్తనం, మందుల అప్పుతో మొదలవుతారు, ఇంటికి గింజ రాదు, సంఘం పెట్టిన కారణమే పోతుంది.

బోరు ఒక్కరిదే. నీళ్లు అందరికీ ఎలా?

వరి మడికి కాదు, పంట ఎండకుండా ఒక్క తడి ఇవ్వడానికి లెక్క వేయండి. ఎకరాకు 20 మిల్లీమీటర్ల తడి అంటే సుమారు 80 వేల లీటర్లు. సెకనుకు 2 లీటర్లు పోసే బోరు గంటకు 7,200 లీటర్లిస్తుంది, ఎకరానికి 11 గంటలు పడుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో పగటిపూట 9 గంటల కరెంటు మీద 8 ఎకరాలు తడపడానికి పది రోజులు. పూత మీద పదిహేను రోజులు వాన రాకపోయినా ఇది పంటను నిలబెడుతుంది, కాలవ కాకుండా పైపులూ స్ప్రింక్లర్లూ ఉంటేనే.

అనంతపురం వంటి చోట్ల బోర్లున్న రైతులు పైపులు కలుపుకుని బోరు లేని పొలాలకు కూడా తడి ఇచ్చే ఒప్పందాలు చేసుకున్నారు. కొత్త బోర్లు వేయకూడదన్నది అందులో కీలకమైన షరతు. బోరున్న మనిషికి లాభం అక్కడే: పక్కన కొత్త బోరు పడకపోతే తనది ఎండదు. మోటారు కాలితే ఎవరెంత కట్టాలో ముందే రాసుకోండి, ఎండాకాలంలో కాలాక మాట్లాడుకుంటే ఒప్పందం నిలవదు.

## కల్లం నుంచి ఇంటికి

గింజ ఎలా పంచాలి? సమానంగానా, పనిని బట్టా?

రెండూ. పనిని బట్టే పంచితే ముసలివాళ్లు, పసిపిల్లలున్న ఇళ్లు ఎండుతాయి. సమానంగా పంచితే వచ్చినవాళ్లకు ఒళ్లు మండుతుంది. సగం తలలకు, సగం రోజులకు పంచండి.

ఉదాహరణకు 24 క్వింటాళ్ల జొన్న వచ్చింది. ముందు విత్తనం తీయాలి: 8 ఎకరాలకు 32 కిలోలు చాలు గానీ తొలకరి మోసం చేస్తే మళ్లీ విత్తాలి కాబట్టి 64 కిలోలు. తర్వాత నలభయ్యో వంతు, 60 కిలోలు, గింజ నిధికి. మిగిలింది 2,276 కిలోలు, సగం 1,138. తలలు 45 అయితే తలకు 25.3 కిలోలు. మొత్తం పనిదినాలు 400 అయితే రోజుకు 2.84 కిలోలు.

ఐదుగురున్న ఇల్లు 40 రోజులు చేస్తే 126 + 114 = 240 కిలోలు. ఆరుగురుండి ఒక్క మనిషే 20 రోజులు రాగలిగిన ఇల్లయితే 152 + 57 = 209 కిలోలు. ఇద్దరే ఉన్న ఇల్లు 40 రోజులు చేస్తే 51 + 114 = 165 కిలోలు. ఎవరూ ఖాళీ సంచితో పోరు. కష్టపడినవాళ్లకు తేడా కనిపిస్తుంది.

కొలతల్లో మోసం జరుగుతోందని అనుమానం. కాటా లేదు.

ఒకే గిన్నె వాడండి, దాని అంచు మీద రంగుతో గుర్తు పెట్టండి. గోపురంగా కొలవడం, తలకొట్టి సమంగా కొలవడం మధ్య తేడాయే సగం అనుమానాలకు మూలం. అప్పుగా ఇచ్చేటప్పుడు తలకొట్టి ఇచ్చి, తీసుకునేటప్పుడు గోపురంగా పోయించుకోవడం పాత షావుకార్ల విద్య. తీసుకున్నా ఇచ్చినా తలకొట్టే కొలవాలి. ఒకరు కొలుస్తుంటే ఇంకొకరు పైకి లెక్కపెట్టాలి, మూడో మనిషి రాయాలి.

గింజ నిధి నుంచి ఎవరికి, ఎంత ఇవ్వాలి?

విత్తనాలేసి చేతిలో ఏమీ లేని ఆషాఢ, శ్రావణాల్లో ఇవ్వాలి. మొదటి ఏడు నిధి 60 కిలోలే కాబట్టి మూడిళ్లకు 20 కిలోల చొప్పున మించకండి. ఊళ్లో నాగుకు (గింజ అప్పుకు) తెచ్చుకుంటే ఒకటిన్నర రెట్లు కట్టాల్సి వస్తుంది. నిధికి 20 తీసుకున్నవాళ్లు 22 ఇస్తే చాలు. ఆ 2 కిలోలు ఎండుదలకూ ఎలుకలకూ పోయినదాన్ని పూడుస్తాయి. వడ్డీ పూర్తిగా ఎత్తేస్తే నిధి ఏటేటా చిక్కిపోతుంది.

నిల్వ చేసిన కందులు మూడు నెలలకే పుచ్చిపోయాయి. ఎందుకు?

పుచ్చుపురుగు గుడ్లు పొలంలోనే కాయ మీద పడతాయి, సంచి కట్టేసరికే లోపల ఉన్నాయి. రెండు మూడు ఎండల్లో బాగా ఎండబెట్టండి. గింజ కొరికితే టక్కున విరగాలి, నలిగితే ఇంకా తడి ఉంది. ఇంటి వాడకం కందులను నానబెట్టి, ఎర్రమట్టి పూసి ఎండబెట్టడం పాత పద్ధతి, పప్పుగా విసరడానికీ అదే అవసరం. విత్తనం కందులకు మట్టి తడి తగలనివ్వకండి, బూడిద కలిపి కుండలోనో గాలి చొరని మూడు పొరల సంచిలోనో కట్టండి. సంచులు నేల మీద కాకుండా కర్రల మీద, గోడకు జానెడు ఎడంగా పేర్చండి. వానాకాలంలో గోడ చెమ్మ సంచికి దిగి బూజు పడుతుంది.

## పేచీలు, బయటికి పోవడం

డబ్బు ఎవరి చేతిలో ఉండాలి?

బ్యాంకు ఖాతా ఇద్దరి సంతకాలతో, ఆ ఇద్దరూ చుట్టాలు కాకూడదు. పుస్తకం మూడో మనిషి దగ్గర. ఏడాదికోసారి ముగ్గురూ మారాలి. చదువు రాని సభ్యులెక్కువుంటే నెలకోసారి పుస్తకం పైకి చదివి వినిపించండి. పేరు పక్కన వేలిముద్ర కాదు, ఒక్కో ఇంటికి ఒక్కో బొమ్మ (కోడి, చెట్టు, కుండ) పెట్టుకుంటే తమ వరుస తామే గుర్తుపడతారు.

ఒక సభ్యురాలు కూతురి దగ్గరికి హైదరాబాద్ వెళ్లిపోతోంది. ఆమెకేం రావాలి?

కట్టిన వాటాధనం, ఆ ఏడు చేసిన రోజుల గింజ. భూమిలో ముక్క రాదు, పెరిగిన భూమి విలువలో వాటా రాదు. విత్తాక పోతే గింజ కల్లంలోనే లెక్క, ముందు ఇవ్వడం ఉండదు. ఆమె స్థానంలో భూమి లేని ఇంటినే చేర్చుకోవాలని నియమావళిలో ఉంటే మంచిది. లేదంటే డబ్బున్నవాళ్లు మెల్లగా చేరిపోతారు.

సభ్యుడు చనిపోతే?

చేరినప్పుడే నామినీ పేరు రాయించండి. వాటాధనం నామినీకి వెళ్తుంది. ఇంట్లో పనిచేయగల మనిషి ఉండి, సంఘం ఒప్పుకుంటే సభ్యత్వం ఆ ఇంటికే కొనసాగించవచ్చు. పంట మధ్యలో పోతే ఆ ఏడు తలల లెక్క గింజ తగ్గించకండి.

రోడ్డు పడి భూమి రేటు పదింతలైంది. అమ్మి పంచుకుందామని సగం మంది అంటున్నారు.

ఉమ్మడి భూములు ఎక్కువగా పోయేది కరువులో కాదు, రేటు పెరిగినప్పుడు. అందుకే భూమి కొన్న రోజునే నియమావళిలో రాయించాలి: అమ్మాలంటే ఆరు నెలల ఎడంతో రెండు సర్వసభ్య సమావేశాల్లో నాలుగింట మూడొంతుల మంది ఒప్పుకోవాలి, వచ్చిన డబ్బు సభ్యులకు పంచకూడదు, దానితో వేరేచోట సాగుభూమే కొనాలి. రెండో షరతు ఉంటే మొదటిదాని అవసరం చాలాసార్లు రాదు. పంచుకునే వీలు లేదని తెలిశాక దళారి రెండోసారి రాడు. ఇవేవీ రాసుకోకుండా ఇప్పటికే రేటు పెరిగిపోయి ఉంటే, అడ్వాన్సు తీసుకోకముందే సర్వసభ్య సమావేశం పిలిచి నియమావళి సవరించండి. అడ్వాన్సు కాగితం మీద ఒక్కరు సంతకం చేసినా ఆ తర్వాత మాట్లాడాల్సింది కోర్టులోనే.